మాత్రకి ఇచ్చిన సెలవు

ముట్లు ఆగిపోయి పదేళ్ళు దాటిన ఆడదానికి ఆడ హార్మోను ఎక్కడిది? గుంటూరులో డాక్టరమ్మ మాత్రలు రాసిస్తుంటే నేను అడిగిన మొదటి ప్రశ్న అదే. అప్పటికే రొమ్ముకి ఆపరేషను అయింది, జుట్టంతా ఊడగొట్టిన సెలైన్లు అయ్యాయి, రేడియేషనని కరెంటు పెట్టడమూ అయింది. ఇక ఇంటికి పోయి పత్తి చేను చూసుకుందాం అనుకుంటుంటే, రోజుకో మాత్ర చొప్పున ఐదేళ్ళు వేసుకోవాలంది. నాకు వచ్చిన గడ్డ హార్మోను తిని పెరిగే రకమట. ఆ హార్మోను ఒంట్లో తయారు కాకుండా ఈ మాత్ర ఆపుతుందట.

"ఆ దుకాణం ఎప్పుడో కట్టేశారు గదమ్మా! లేనిదాన్ని ఆపేదేంది?" అన్నాను.

పక్కన కూర్చున్న మా ఆయన నా మోచేయి గిల్లాడు. డాక్టర్లకి ఎదురు ప్రశ్నలు వేస్తే వాళ్ళకి కోపమొచ్చి మనకి సరిగ్గా చూడరని ఆయన భయం. నేను ఆయన చెయ్యి తోసేశాను. నా ఒళ్ళు, నా మాత్ర, నేనడక్కపోతే ఎవరడుగుతారు?

డాక్టరమ్మ చిన్నపిల్ల. మా ఇంట్లో అయితే నన్ను అమ్మమ్మా అని పిలిచే వయసు. నవ్వి, ఓపిగ్గానే చెప్పింది. "అండాశయాలు ఆగిపోయాయమ్మా, నిజమే. కానీ కిడ్నీల మీద చిన్న గ్రంథులు ఉంటాయి. అవి వేరే హార్మోను ఒకటి తయారుచేస్తాయి. మీ ఒంట్లో కొవ్వు దాన్ని తీసుకుని ఈ హార్మోనుగా మార్చుకుంటుంది. కొంచెమే, కానీ ఆ కొంచెమూ ఈ జబ్బుకి తిండే. ఆ మార్చే పనిని మాత్ర ఆపుతుంది. ఇది చంపే మందు కాదు, తిండి దొరక్కుండా చేసే మందు."

నా కొవ్వా! మా ఊరు దాచేపల్లి అవతల. తిరుగు బస్సులో పిడుగురాళ్ళ వచ్చిందాకా నడుం దగ్గర మడత రెండు వేళ్ళతో పట్టుకునే కూర్చున్నాను. మూడు కాన్పులు అయ్యాక వచ్చి చేరిన కొవ్వు అది. ఊరికే తిని కూర్చుందనుకున్నాను ఇన్నాళ్ళూ. లోపల ఫ్యాక్టరీ నడుపుతోందా? ఎవరడిగారు దాన్ని? అరవై దాటిన మనిషికి ఈ వయసులో ఆడతనం తయారుచేసి ఏం చేద్దామని?

"నడుం ఒదిలెయ్యవే, జనం చూస్తన్నారు," అన్నాడు మా ఆయన.

"చూడనీ. ఇన్నాళ్ళూ నాకే తెలవలా దీని సంగతి," అన్నాను. భయం వేయాల్సిన చోట నాకు వింతగా ఉంది. ఆ నెలల్లో ఎంత ఏడ్చానో నాకు తెలుసు గానీ, ఆ రోజు మాత్రం ఏడుపు రాలేదు. కొత్త ఊరు చూసినట్టు నా ఒంటిని నేనే చూసుకుంటూ ఇంటికొచ్చాను.

మాత్ర మొదలుపెట్టింది వానాకాలంలో. పత్తి తీతలు వచ్చేసరికి ఆవిర్లు మొదలయ్యాయి. ముట్లు ఆగినప్పుడు ఒకసారి పడ్డ బాధే, మళ్ళీ వచ్చింది. పొద్దున్నే పొగమంచులో కూలీల్తో పాటు చేలో దిగేదాన్ని. వాళ్ళు తలలకి తువ్వాళ్ళు, ఒంటి మీద మగవాళ్ళ చొక్కాలు వేసుకుని వణుకుతుంటే నేను కొంగుతో విసురుకునేదాన్ని. ఆవిరి ఎక్కడ పుడుతుందో కనిపెట్టాలని తెగ చూశాను. గుండెల మధ్యలో పుట్టి, మెడ ఎక్కి, చెవుల్లోంచి పోతుంది. వేడి వేడి కాఫీ తాగిన రోజున తొందరగా వస్తుంది. నాకు ఎవరి మీదన్నా కోపం వచ్చినా వస్తుంది, అంటే రోజూ వచ్చేది.

"అక్కా, నీకు చలి పెట్టదా?" అని అడిగింది పక్క సాలులో పత్తి తీస్తున్న ఆమె. ఎన్నో ఏళ్ళుగా మా చేలోకి వచ్చే మనిషి.

"నాకు లోపలే పొయ్యి ఎలిగించారే. రా, చేతులు కాచుకో," అన్నాను. సాలు సాలంతా నవ్వారు.

ఆవిర్లతో నవ్వులాట బాగానే సాగింది. వేళ్ళతోనే వచ్చింది అసలు తంటా. ఒక రోజు పొద్దున లేచేసరికి రెండు చేతులూ గుప్పిళ్ళు పడిపోయి ఉన్నాయి. తెరుద్దామంటే తెరుచుకోవు. గోరువెచ్చని నీళ్ళలో పెట్టి ఒక్కో వేలూ విడదీసుకోవాల్సి వచ్చింది. పోనీలే, చలికి అనుకున్నాను. కానీ చలి పోయే వేళకి కూడా పోలేదు. పత్తి తీయడమంటే వేళ్ళ కొసల పని. విచ్చిన కాయకి ముళ్ళలాంటి తొక్కలుంటాయి, వాటి మధ్యలోంచి గుచ్చుకోకుండా దూదిని ఒక్క లాగులో తీయాలి. చిన్నప్పటి నుంచీ ఈ పనిలో నన్ను మించినవాళ్ళు లేరు. అలాంటిది, కూలీలు సాలు చివరికి పోయి మంచినీళ్ళు తాగుతుంటే నేను సగం సాలులో నిలబడి ఉన్నాను. వాళ్ళు చూడనట్టు మాట్లాడుకుంటున్నారు. వాళ్ళు అలా చూడనట్టు ఉండడమే నాకు ఏడుపు తెప్పించింది.

జాకెట్టు హుక్కులు పెట్టుకోలేకపోయేదాన్ని. ఆ పని మా ఆయన మీద పడింది. బస్తా మూతి కుట్టినట్టు దమ్ము బిగబట్టి, నాలుక బయటపెట్టి ఒక్కో హుక్కూ తగిలించేవాడు. "ఈ పని కూడా చేయిస్తన్నావు గదే నా చేత!" అనేవాడు. ఆయన నవ్వితే నేనూ నవ్వేదాన్ని గానీ, ఆయన నవ్వు కళ్ళదాకా పోయేది కాదు.

ఇలా ఐదేళ్ళు! చేతులు లేని బతుకు నాకెందుకు? మాత్ర మానేస్తే జబ్బు మళ్ళీ వస్తుందేమోనని భయం, వేసుకుంటే నేను నేనుగా ఉండనేమోనని భయం. రెండిట్లో ఏది పెద్దదో తేల్చుకోలేక, రోజూ పొద్దున కాఫీ తాగాక మాత్ర వంక కాసేపు చూసి మింగేదాన్ని.

ఒక రోజు మాత్ర రేకు చింపడానికి వేళ్ళు రాక పళ్ళతో కొరుకుతుంటే మా ఆయన చూశాడు. ఖాళీ అయిన రేకు తీసి చొక్కా జేబులో పెట్టుకుని పోయాడు.

ఆయన పోయింది పురుగుమందుల కొట్టుకి. మా వైపు రైతుకి ఏ అనుమానం వచ్చినా ముందు పోయేది అక్కడికే. ఆకు ముడుచుకుంటే ఆ ఆకు, కాయ కుళ్ళితే ఆ కాయ జేబులో వేసుకుపోయి బల్ల మీద పెడతారు. కొట్టాయన అటూ ఇటూ తిప్పి చూసి ఏదో ఒక సీసా తీసి ఇస్తాడు. మా ఆయన ఆ బల్ల మీదే నా మాత్ర రేకు పెట్టాడు. మనుషుల మందులు నాకేం తెలుసు అన్నాడట కొట్టాయన. న్యాయమే.

"మందు సంగతి కాదయ్యా. ఒకటే మందు ఐదేళ్ళు వరసన వాడితే పనిచేసిద్దా, అది చెప్పు," అన్నాడట ఈయన.

"ఐదేళ్ళా! మూడు తడవలు వరసన కొడితేనే పురుగు అలవాటు పడిపోయిద్ది. మార్చి కొట్టాలి, లేదా ఆపి కొట్టాలి. ఇన్నేళ్ళు సేద్యం చేసినోడివి, నీకు తెలవదా?"

కోర్టు తీర్పు పట్టుకొచ్చినట్టు ఆ మాట ఇంటికి పట్టుకొచ్చాడు మా ఆయన. ఎవరన్నా నవ్వుతారేమో గానీ నాకు నవ్వు రాలేదు. ఆ మాట నిజమని నా కళ్ళతో చూశాను. మిరపకి నల్ల తామర పురుగు పట్టిన ఏడాది ఒకటే మందు మళ్ళీ మళ్ళీ కొట్టాం. మందు కొట్టిన మర్నాడు పూలు విప్పి చూస్తే నల్లగా, హాయిగా తిరుగుతోంది. మా మందు దానికి కాఫీ అయిపోయింది. ఆ ఏడు తోట పీకేశాం. ఒకటే మందు తిన్న పురుగు దానికి లొంగదని మా వైపు చదువు రానివాళ్ళకి కూడా తెలుసు. మరి క్యాన్సరు మాత్రం లొంగుతుందా?

"కొన్నాళ్ళు ఆపుదాం. మళ్ళీ మొదలుపెడితే మందు కొత్తగా పట్టిద్ది. ఆ పిల్ల డాక్టరు ఎప్పుడన్నా చేలో దిగిందా ఏంది?" అన్నాడు.

అంటూ నా వేళ్ళ వంక చూశాడు. అసలు సంగతి అదని నాకు అర్థమైంది. పురుగూ కాదు, అలవాటూ కాదు. ఆయన నా గుప్పిళ్ళు చూడలేకపోతున్నాడు. నేనూ అందుకే ఒప్పుకున్నాను, పైకి మాత్రం ఇద్దరం పురుగు గురించే మాట్లాడుకున్నాం.

మిరప కోతలు మొదలైనప్పుడు మాత్ర ఆపాను. పళ్ళు కోసి, కల్లంలో ఆరబోసి, రంగు పోయిన తాలు కాయలు ఏరే రోజులకి నా చేతులు నాకు తిరిగొచ్చాయి. అబ్బ, ఏం సంబరం! పొద్దున లేవగానే వేళ్ళు తెరిచి మూసి, తెరిచి మూసి చూసుకునేదాన్ని. హుక్కులు నేనే పెట్టుకున్నాను. మా ఆయన అలవాటు కొద్దీ వెనకాల చేతులు చాపుకుని నిలబడితే "పోవయ్యా, నీ ఉద్యోగం ఊడింది!" అన్నాను. ఆయన ఎంత నవ్వాడో. జంతికల గొట్టం తీసి, పిండి కలిపి, చక్రాలు వత్తాను. కల్లంలో కూలీలకి తలా ఒక గుప్పెడు పంచాను. ఆవిర్లు కూడా తగ్గాయి.

చేతులు వచ్చేసరికి పాత గుణం కూడా వచ్చింది, కనపడిందల్లా విప్పి చూడడం. పత్తి చేను తీతలు అయిపోయి చాలా రోజులైనా కట్టె పీకలేదు. వ్యవసాయ ఆఫీసరు ఊళ్ళోకి వచ్చి మరీ చెప్పాడు, తీత అవగానే కట్టె పీకెయ్యండి, లేకపోతే గులాబీ పురుగు వచ్చే పంటకి కూడా ఉండిపోతుంది అని. ఎవరు వింటారు? ఇంకోసారి నీళ్ళు పెడితే ఇంకో తీత వస్తుందన్న ఆశ. మా ఆయన కూడా పెట్టి, ఏమీ రాక వదిలేశాడు. ఒక సాయంత్రం నేను చేలోకి పోతే, ఎండిపోయాయనుకున్న కట్టెలకి మళ్ళీ చిగురు, అక్కడక్కడా చిన్న చిన్న పచ్చి కాయలు. గోళ్ళ బలం చూసుకుందామని ఒక కాయ తుంచి చీల్చాను.

లోపల గులాబీ రంగు పురుగు. ఇంకో కాయ చీల్చాను, అందులోనూ ఉంది. ఏ మందుకి అలవాటు పడి బతికింది ఇది? చేలో మందు కొట్టి ఎన్నాళ్ళయింది? మందుతో పనే లేదు. పంట అయిపోయిందని మేం అనుకున్నాం, కట్టె మాత్రం కొంచెం కొంచెం కాస్తానే ఉంది. కాయ ఉంది కాబట్టి పురుగు ఉంది. ఆఫీసరు చెప్పింది కూడా మందు కొట్టమని కాదు గదా, కట్టె పీకి దానికి తిండి లేకుండా చెయ్యమని.

అప్పుడు డాక్టరమ్మ మాట గుర్తొచ్చింది. చంపే మందు కాదు, తిండి దొరక్కుండా చేసే మందు. ఆ రోజు నా నడుం మడత గోలలో పడి ఆ మాట చెవి దాకా వచ్చి ఆగిపోయింది. ఆపి కొట్టడం, మార్చి కొట్టడం అన్నీ చంపే మందుల లెక్కలు. తిండి ఆపే మందుకి సెలవిస్తే ఏమవుతుంది? తిండి పెట్టినట్టు అవుతుంది. నా కొవ్వు ఈ నెలలన్నీ దాని పని అది చేసుకుంటూనే ఉండి ఉంటుంది. ఆవిర్లు తగ్గాయని సంబరపడ్డాను, తగ్గాయంటే హార్మోను తిరిగొచ్చిందనేగా! గట్టు మీద కూలబడ్డాను. అంత భయం ఆపరేషను గదిలోకి తీసుకుపోయినప్పుడు కూడా వేయలేదు.

ఇంటికొచ్చి మా ఆయనకి చెప్పాను, కాయ కూడా చేతిలో పెట్టి చూపించాను. ఆయన కాయని తిప్పి ఆ పురుగుని చూశాడు. "నేనే గదా చెప్పింది," అన్నాడు. "ఇద్దరం అనుకునే చేశాంలే," అన్నాను. ఆయన వినలేదు. కాసేపటికి చూస్తే ఇంట్లో లేడు. చేలో ఒక్కడే కట్టె పీకుతున్నాడు. ట్రాక్టరుకి చెప్పరాదా అని కేకేశాను. చీకటి పడ్డాక వచ్చాడు, అరచేతులు చర్మం లేచిపోయి ఉన్నాయి. మర్నాడు మొదటి బస్సుకి గుంటూరు బయల్దేరాం.

డాక్టరమ్మ గదిలోకి ఆయన రానన్నాడు. "నువ్వు పోయి చెప్పు, నేను ఇక్కడ ఉంటా," అని బయట బల్ల మీద కూర్చున్నాడు. నేను లోపలికి పోయి ఏదీ దాచకుండా చెప్పాను, పురుగుమందుల కొట్టు సంగతి కూడా. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. పెన్ను కింద పెట్టింది.

"మీరు అనుకున్నది పూర్తిగా తప్పు కాదమ్మా. ఈ జబ్బు కూడా కొన్నిసార్లు మందుకి అలవాటు పడుతుంది. కానీ దానికి విరుగుడు మందు ఆపడం కాదు. అలాంటిదేమన్నా ఉంటే మేం చూసి మారుస్తాం. నొప్పులు ఇంత ఉన్నాయని నాకెందుకు చెప్పలేదు?"

"ప్రాణం కాపాడారు గదా, వేళ్ళ నొప్పులు కూడా ఏం చెప్తాంలే అనుకున్నా."

"అవే చెప్పాలి. నొప్పులు తట్టుకోలేక చాలామంది ఆపేస్తారు, నాకు చెప్పరు." అదే పని చేసే ఇంకో మాత్ర రాసింది. కొందరికి దీనితో నొప్పులు తగ్గుతాయి, కొందరికి తగ్గవు అంది. రోజూ నడవమంది, వేళ్ళకి చేసే కసరత్తు చూపించింది, ఎముకల పరీక్ష రాసింది. చేతులు మళ్ళీ పట్టేస్తే వెంటనే రమ్మంది. సరే అన్నాను. ఆ గదిలోకి వచ్చేటప్పటికే నా మనసులో తేలిపోయింది, గుప్పిళ్ళు పడినా సరే వేసుకుంటాను. బతికుంటేనే గదా చేతులు.

ఇక నేను అడగాల్సిందొకటి మిగిలింది. "ఈ ఆపిన రోజుల్లో లోపల ఏమన్నా పెరిగి ఉంటదా?"

ఆమె లేచి పరీక్ష చేసింది. "చేతికేమీ తగల్లేదమ్మా," అంది.

"చేతికి తగిలేది కాదు. కంటికి కనపడనిది ఏదన్నా?"

"అంత చిన్నది ఏ స్కానులోనూ కనపడదు. చెప్పలేం."

"రూలు ప్రకారం కాదమ్మా. మీరు మనసులో ఏమనుకుంటున్నారో చెప్పండి."

ఆమె నా చెయ్యి పట్టుకుంది. "ఏమీ కాకపోవచ్చు. ఏమీ కాకూడదనే అనుకుంటున్నాను. కానీ ఏమీ కాలేదని మాట ఇవ్వలేనమ్మా. నిజంగా తెలియదు."

నాకు బుద్ధి తెలిసినప్పటి నుంచీ నేనొకటి నమ్మాను, విసుగు పుట్టేలా అడిగితే ఎవరో ఒకరు జవాబు చెప్తారని. నన్ను బడి మాన్పించినా, అత్తారింట్లో నోరెక్కువ అన్నా, అడగడం మాత్రం మానలేదు. ఇప్పుడు ఎదురుగా కూర్చున్న మనిషికి చదువుంది, మనసుంది, దాచాలన్న ఉద్దేశం లేదు. అయినా జవాబు లేదు. ఇంకెవర్ని అడగాలో కూడా తెలియలేదు. నమస్కారం పెట్టి బయటికొచ్చాను.

బస్సులో నేను కిటికీ పక్కన కూర్చున్నాను. మిరప బస్తాల లారీలు వరసగా గుంటూరు వైపు వెళ్తున్నాయి, ఘాటుకి బస్సంతా దగ్గుతోంది. మా ఆయన పొద్దుటి నుంచీ పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టలేదు. సత్తెనపల్లి దాటింది. తర్వాత ఆ దెబ్బతిన్న అరచేతులు ఒళ్ళో పెట్టుకుని, వాటి వంకే చూస్తూ అడిగాడు.

"ఏమంది?"

"మాత్ర మార్చింది. రోజూ నడవమంది."

"అది కాదే. ఆ ఆపిన రోజులు..." మాట సగంలో వదిలేసే మనిషి కాదు ఆయన, వాళ్ళమ్మ పోయినప్పుడు కూడా.

"ఏం కాదందయ్యా," అన్నాను.

"సరిగ్గా అడిగావా?"

"అడిగా. ఒకటికి మూడుసార్లు అడిగా. నా సంగతి నీకు తెలవదా?"

ఆయన తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. తుడుచుకుంటూనే ఉన్నాడు. కండక్టరు వచ్చి పోయాక తువ్వాలు తీసి, "ఆకలేస్తందే, ఏమన్నా తెచ్చావా?" అన్నాడు.

సంచిలోంచి పులిహోర డబ్బా తీసిచ్చాను. అరచేతులు మంట పెడుతున్నా లెక్కచెయ్యకుండా గబగబా తింటున్నాడు. నేను కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను. జీవితంలో నాకొచ్చిన ప్రతి ప్రశ్నా మొదట ఆయన నెత్తినే పడేశాను. ఈ ఒక్కటి మాత్రం ఆయన దాకా పోనివ్వను.